మా గూడెం కంప్యూటరుకు నెలనెలా అప్‌డేట్



అక్టోబర్ నుంచి మన గ్రూపులో ఒకటే స్క్రీన్‌షాట్ మళ్లీ మళ్లీ వస్తున్నది. విండోస్ 10కి సపోర్టు ముగిసిందని రాసి ఉన్న ఆ తెర ఫొటో. కింద అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఇది వచ్చినంక కంప్యూటర్ ఆగిపోతదా?" ఆగిపోదు. రేపు కూడా ఆన్ అయితది, ఎల్లుండి కూడా అయితది. అసలు చిక్కు అక్కడే ఉంది, ఏమీ కానట్టే నడుస్తది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఒక్కొక్కరికి విడిగా జవాబు రాసే బదులు మేము ఆరుగురం కూర్చొని ఈ పెద్ద పోస్టు రాస్తున్నాం. మాలో కంప్యూటర్ ఇంజనీరు ఎవరూ లేరు. ఒకరు ఐటీఐ ఎలక్ట్రీషియన్, ఇద్దరు డిగ్రీ, ఒకరు డీఎడ్, ఇద్దరు గ్రూప్స్‌కి చదువుతున్నారు. నాలుగేళ్లుగా ఒకే డబ్బాను బతికించుకుంటూ నేర్చుకున్నదే రాస్తున్నాం.

మాది ఉట్నూర్ ఏజెన్సీలో ఒక చిన్న గూడెం. 2021లో ఆరు ఇళ్ల పిల్లలం పత్తి ఏరిన కూలి పైసలు కలిపి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాం. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన మెషీన్ అది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. మా కాక ఇల్లు గూడెంలో కొంచెం ఎత్తు మీద ఉంటది, సిగ్నల్ అక్కడే అందుతది. అందుకే కంప్యూటర్ కూడా అక్కడే, వడ్ల బస్తాల పక్కన బల్ల మీద. పేరుకు ఇంటి కంప్యూటర్, కానీ ఆరు ఇళ్లది.

అందులో ఏమున్నదో చెప్తే, మేము అప్‌డేట్ గురించి ఎందుకింత పట్టుబడతామో అర్థమైతది. మా గూడెం పిల్లలందరి కుల ధ్రువీకరణ పత్రాలు, మెమోలు, టీసీలు, స్కాలర్‌షిప్ కాగితాలు స్కాన్ చేసి ఇంటికొక ఫోల్డర్ పెట్టాం. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టాల కాపీలు ఉన్నాయి. రెండు ఇళ్లలో అసలు పట్టాలకు చెదలు పట్టింది, ఇప్పుడు చదవడానికి వీలుగా ఉన్నది స్కాన్ ఒక్కటే. సరే, ఇవి పోతే ఆఫీసుల చుట్టూ ఏడాది తిరిగితే మళ్లీ తెచ్చుకోవచ్చు అనుకుందాం.

తిరిగి తెచ్చుకోలేనివి వేరే ఉన్నాయి. 2022 దండారి రోజుల్లో మా అవ్వ పాడిన గోండి పాటలు పదకొండు. ఫోన్‌లో రికార్డు చేసి ఇందులోకి ఎక్కించాం. 2023 ఎండాకాలంలో అవ్వ పోయింది. ఆ పదకొండులో నాలుగు పాటలు మా గూడెంలో ఇప్పుడు ఎవరికీ పూర్తిగా రావు. ఇంకొకటి, మా పక్క గూడెం పటేల్ తాత మూడు గంటలు కూర్చొని చెప్పిన గోత్రాల కథ. తర్వాత మేము గుంజాల గోండి లిపిలో టైపు చేసుకుంటున్న మాటల పట్టిక, ఇప్పటికి ఎనిమిది వందల మాటలు దాటింది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి అది, 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. అంతకు ముందు తయారైన సాఫ్ట్‌వేర్‌కి అది ఒక లిపి అనే సంగతే తెలియదు, అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు చూపిస్తది. కాబట్టి కొత్తది వేసుకోవడం అంటే మనకు భయంతో చేసే పని మాత్రమే కాదు, మన అక్షరం తెర మీద కనిపించడానికి కూడా అదే దారి.

ఇక సెక్యూరిటీ అప్‌డేట్ అంటే ఏందో మా కాకకు చెప్పినట్టే ఇక్కడా చెప్తాం. కాక మమ్మల్ని అడిగిండు, "మంచిగ నడుస్తున్న దాన్ని నెలనెలా ఏం బాగు చేస్తరు? దానికేమన్న జ్వరమా?" అని. మేము చేను కంచె గురించి చెప్పినం. కంచె వేసిన రోజు గట్టిగానే ఉంటది. కానీ ఎంత మంచిగ కట్టినా ఎక్కడో ఒక సందు మిగులుతది, కట్టినోడికి కూడా తెలియని సందు. అడవి పందికి అది దొరికేదాకా ఎవరికీ తెలియదు. విండోస్ కూడా మనుషులు రాసిందే, కోట్ల లైన్ల రాత. అందులో సందులు దొరుకుతూనే ఉంటాయి. దొరికినప్పుడల్లా కంపెనీ దాన్ని మూసే ముక్క ఒకటి పంపుతది. అదే సెక్యూరిటీ అప్‌డేట్.

దీంట్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ముక్క బయటికి రాగానే దొంగలు కూడా దాన్ని దించుకుంటారు. పాత ఫైలు, కొత్త ఫైలు పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూస్తే, సందు ఎక్కడ ఉండేదో వాళ్లకు తెలిసిపోతది. అంటే అప్‌డేట్ వచ్చిన రోజు నుంచి, వేసుకోనివాళ్ల కంప్యూటర్‌కి ముప్పు తగ్గదు, పెరుగుతది. పక్క చేనువాళ్లు సందు మూసుకుంటే పంది ఎవరి చేనుకు వస్తదో మనకు చెప్పాల్సిన పని లేదు.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక అప్‌డేట్ ఇచ్చింది. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలో ఉన్న సందు అది. సరిగ్గా 59 రోజులకు, మే 12న, వాన్నాక్రై అనే పురుగు ప్రపంచం మీద పడ్డది. ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే, ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కి అదే పాకింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తాళంచెవి కావాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమన్నది. మూడు రోజులు దాటితే 600. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని పాలయ్యాయి. ఇంగ్లండ్‌లో సర్కారు ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాల్సి వచ్చింది. ఇటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. చివరికి దాని జోరు ఆపింది ఎవరంటే మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ల పిల్లగాడు. ఆ పురుగు లోపల ఒక వెబ్ చిరునామా ఉండటం చూసి, పది డాలర్లు పెట్టి ఆ పేరు రిజిస్టర్ చేసిండు. చిరునామా బతికి ఉంటే పురుగు ఆగిపోయేలా రాసి ఉన్నది, అట్లా ఆగింది. మా వయసువాడే కదా అని మేము ఆ కథ ఎంతమందికి చెప్పినమో లెక్క లేదు.

అప్పుడు దెబ్బ తిన్న కంప్యూటర్లలో చాలా ఎక్కువ భాగం విండోస్ 7వి. వాటికి మందు అప్పటికే వచ్చి ఉంది, రెండు నెలల ముందే. వేసుకోలేదు, అంతే.

మా కంప్యూటర్ కొన్నప్పుడు దాంట్లో ఏముండెనో చెప్తాం, ఎందుకంటే మీలో సగం మంది కంప్యూటర్లలో ఇప్పటికీ అదే ఉండొచ్చు. అమ్మిన దుకాణం ఆయన విండోస్ 10 తానే వేసి ఇచ్చిండు, మస్తుగా నడిచేది. ఒక నెల తర్వాత సెట్టింగ్స్‌లోకి పోతే, అప్‌డేట్ అనే చోట ఎర్ర గుర్తు, ఎన్నిసార్లు నొక్కినా కదలదు. సర్వీసెస్ తెరిచి చూస్తే విండోస్ అప్‌డేట్ ఎదురుగా డిసేబుల్డ్ అని ఉంది. మళ్లీ దుకాణానికి పోయి అడిగితే, "అప్‌డేట్ చేస్తే ఖరాబ్ అయితది, చేయకున్రి" అన్నడు. ఎందుకు ఖరాబ్ అయితదో చెప్పలేదు. తర్వాత తెలిసింది, అది క్రాక్ చేసిన విండోస్. క్రాక్ ఊడిపోతదేమోనని అప్‌డేట్లకు ముందే తాళం వేస్తారు. వాళ్లకు కస్టమర్ మళ్లీ తిరిగి రాకుంటే చాలు. మన ఫైళ్లు ఏమైతే వాళ్లకేం?

ఇంకో మాట. క్రాక్ సాఫ్ట్‌వేర్ నడపాలంటే ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయమంటారు. ఎవరో తెలియనోడు మన ఇంటికొచ్చి "కుక్కను కట్టెయ్, నేను లోపలికి పోయి వస్తా" అంటే పోనిస్తామా?

మా అదృష్టం కొద్దీ ఆ మెషీన్‌కు పాత ఆఫీసువాళ్ల లైసెన్సు బోర్డులోనే ఉండిపోయింది. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి అసలు విండోస్ 10 ఫైలు హాస్టల్ వైఫైలో దించుకొని, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, మొత్తం తుడిచి మళ్లీ వేశాం. దానంతటదే యాక్టివేట్ అయింది. అప్పట్లో పాత విండోస్ 8 లైసెన్సుతో అట్లా అయ్యేది, 2023 తర్వాత ఆ దారి మూసేశారు. అందుకే ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు పైసలు ఇవ్వకముందే సెట్టింగ్స్‌లో రెండు చూడండి: యాక్టివేషన్ దగ్గర డిజిటల్ లైసెన్స్ అని ఉందా, అప్‌డేట్ బటన్ నొక్కితే కదులుతుందా. అమ్మేవాడు మొహం చిట్లిస్తే చిట్లించనీయండి.

అసలు లొల్లి తర్వాత మొదలైంది. డేటా.

పట్నంలో వైఫై ఉన్నవాళ్లకు ఇది సమస్యే కాదు, వాళ్లకు తెలియకుండానే రాత్రి అప్‌డేట్ అయిపోతది. మనకు రోజుకు 1.5 జీబీ. నెలనెలా వచ్చే అప్‌డేట్ ఒక్కటే ఆరేడు వందల ఎంబీ ఉంటది. మాలో ఒక చెల్లె ఉద్యోగం అప్లికేషన్ చివరి రోజు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి కూర్చుంది. ఫొటో, సంతకం ఎక్కించేసరికి నెట్ నత్తలాగా అయింది. చూస్తే వెనకాల విండోస్ అప్‌డేట్ దించుకుంటున్నది, డేటా మొత్తం తాగేసింది. ఆ రాత్రి పది గంటలకు ఇంకో ముగ్గురి ఫోన్లు తెచ్చి పెడితే ఫీజు కట్టడం అయింది. పొద్దున మాలోనే ఇద్దరు, "ఈ అప్‌డేట్ ఆఫ్ చేసి పారేద్దాం" అన్నారు. ఆ కోపం న్యాయమే. ఒక పరీక్షకు ఏడాది చదివి అప్లికేషన్ దగ్గర ఆగిపోతే ఎవరికైనా మండుతది. కానీ అవ్వ పాటలు ఉన్న డబ్బాకు కంచె తీసేద్దామంటే మిగతా నలుగురం ఒప్పుకోలేదు. రెండు రోజులు మాటలు కూడా సరిగ్గా లేవు.

దానికి మందు సెట్టింగ్స్‌లోనే ఉంది. వైఫై పేరు మీద నొక్కి, ప్రాపర్టీస్‌లో "మీటర్డ్ కనెక్షన్" అనేది ఆన్ చేయాలి. ఈ నెట్‌కు లెక్క ఉంది, ఊరికే వాడకు అని విండోస్‌కి చెప్పడం అన్నమాట. అప్పటినుంచి పెద్ద అప్‌డేట్లు మనం డౌన్‌లోడ్ నొక్కేదాకా ఆగుతాయి. హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్ మారితే కంప్యూటర్‌కి అది కొత్త వైఫై, మళ్లీ పెట్టాలి. మేము ఆరు ఫోన్లకూ పెట్టి, బల్ల మీద చాక్‌పీసుతో ఆరు పేర్లు రాసి టిక్కు కొట్టాం. ఇప్పటికీ చెరిపేయలేదు.

ఆపడం తెలిసింది కాబట్టి, ఎప్పుడు వేయాలో కూడా ఒక కట్టు పెట్టుకున్నాం. మైక్రోసాఫ్ట్ 2003 నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నది. అక్కడ పొద్దున పది, మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. మేము ఆ రాత్రే వేయం. ఆ వారం ఎవరికైనా ఏమైనా అయిందా చూసి, వచ్చే ఆదివారం వేస్తాం. నెలకొకరి వంతు. వంతు ఉన్నవాళ్లు ఆరోజు తమ డేటా పెట్టాలి. ఆ నెల ఎవరైనా హాస్టల్ నుంచి ఇంటికి వస్తుంటే ఇంకా సులువు. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ అని ఒక సైటు ఉంది. అక్కడ కేబీ నంబరు కొట్టి, మన విండోస్ రకానికి సరిపోయే ఎంఎస్‌యూ ఫైలు దించుకొని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు. ఇంట్లో దాని మీద డబుల్ క్లిక్ చేస్తే నెట్ లేకుండానే ఎక్కుతది. ఆ ఫైలు ఆ రకం విండోస్ ఉన్న ఇంకో గూడెం కంప్యూటర్‌కి కూడా పనికొస్తది. ఇప్పటి నెల అప్‌డేట్‌లో పాత నెలలవన్నీ కలిసే ఉంటాయి, అందుకే రెండు నెలలు తప్పినా తాజాది ఒకటి వేస్తే చాలు. ఈ సంగతి తెలియక పాతవన్నీ ఒక్కొక్కటిగా దించుతూ కూర్చున్నవాళ్లను చూశాం.

కరెంటు ముచ్చట కూడా చెప్పాలి. వానాకాలంలో మా దగ్గర కరెంటు ఎప్పుడు పోతదో వానకే తెలియదు. అప్‌డేట్ మధ్యలో పోతే? ఒకసారి పోయింది, 30 శాతం దగ్గర. తిరిగి వచ్చాక కంప్యూటర్ మార్పులు వెనక్కి తీస్తున్నానని రాసి, ముప్పావు గంట తిరిగి తిరిగి, పాత స్థితికి వచ్చేసింది. చాలాసార్లు అట్లనే తేరుకుంటది, కానీ ప్రతిసారీ అని గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. మా ఐటీఐ తమ్ముడు పాత యూపీఎస్ ఒకటి తెచ్చి బ్యాటరీ మార్చిండు. పదిహేను నిమిషాలు ఆగుతది, రీస్టార్ట్ దాటడానికి చాలాసార్లు సరిపోతది. మబ్బు పట్టిన ఆదివారం మాత్రం అప్‌డేట్ వాయిదా. ఆ తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నప్పుడు పవర్ బటన్ మీద చెయ్యి పెట్టకండి. కాకకు కూడా అదే చెప్పి పెట్టినం. ఆయన ఇప్పుడు వచ్చిన ప్రతి ఒక్కరికీ "ముట్టకున్రి, దానికి మందు పోస్తున్నరు" అంటడు.

"అప్‌డేట్ వేస్తేనే పాడైతది" అనేవాళ్లది ఉత్త భయమని మేము అనం. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొంతమంది ఫైళ్లనే తుడిచేసింది, కంపెనీ దాన్ని వెంటనే ఆపి సరిచేయాల్సి వచ్చింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక చెడ్డ ఫైలు వల్ల 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో ఆగిపోయాయి. విమానాశ్రయాల్లో చేతిరాత బోర్డింగ్ పాసులు ఇచ్చారు, మన దేశంలో కూడా. ఈ రెండూ నిజం. అయితే జర తేడా చూడండి. 2018లో వచ్చింది విండోస్ రూపమే మార్చే పెద్ద అప్‌డేట్, నెలనెలా సందులు మూసేది కాదు. పెద్దవాటిని నెలో రెండు నెలలో ఆగి వేసుకోవచ్చు. క్రౌడ్‌స్ట్రైక్ ఇంటి కంప్యూటర్లలో ఉండేది కాదు, పెద్ద సంస్థలు పెట్టుకునేది. మేము ఆదివారం దాకా ఆగడం కూడా ఈ భయం వల్లనే. ఐదు రోజులు ఆగడంలో తెలివి ఉంది, ఐదు నెలలు ఆగడంలో లేదు.

అందుకే అప్‌డేట్‌కి ముందు కాపీ. మా దగ్గర పాటలు, పట్టాలు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడిగా కొన్న హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే ఇంట్లో బీరువాలో పెట్టిన పెన్‌డ్రైవ్‌లో. కాపీ అవగానే డిస్క్ వైరు పీకేయాలి, ఇది మర్చిపోవద్దు. తాళం వేసే వైరస్‌లు కంప్యూటర్‌కి తగిలించి ఉన్న డిస్క్‌లోని ఫైళ్లకు కూడా తాళం వేస్తాయి. తగిలించే ఉంచిన బ్యాకప్ బ్యాకప్ కాదు.

పెన్‌డ్రైవ్ మాట వచ్చింది కాబట్టి. మన ఏజెన్సీలో వైరస్ నెట్ నుంచి వచ్చేదానికన్నా జిరాక్స్ సెంటర్ల నుంచి వచ్చేదే ఎక్కువ అని మా లెక్క. రెజ్యూమె ప్రింటు తీయడానికి పెన్‌డ్రైవ్ ఇస్తాం, తిరిగి వచ్చేటప్పుడు లోపల ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి ఉంటాయి. ఫైళ్లు పోవు, దాక్కొని ఉంటాయి. కానీ ఆ షార్ట్‌కట్ నొక్కితే వైరస్ మన కంప్యూటర్‌లో దిగుతది. మేము ఇప్పుడు ప్రింటుకు ఒక చిన్న పెన్‌డ్రైవ్ వేరేగా పెట్టాం, దాంట్లో పీడీఎఫ్ తప్ప ఏమీ ఉండదు, వచ్చినంక ముందు స్కాన్, తర్వాత ఫార్మాట్. విండోస్ డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల గుర్తులు రోజూ వస్తుంటాయి. నెట్ లేనివాళ్ల కోసం వాటిని కూడా మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఒకే ఫైలుగా దించుకోవచ్చు, వంద ఎంబీ పైనే ఉంటది. పైసలు పెట్టి వేరే యాంటీవైరస్ కొనాల్సిన అవసరం మాకైతే కనిపించలేదు.

దొంగ అప్‌డేట్లు కూడా ఉన్నాయి. మా చెల్లె పాత ప్రశ్నపత్రాల కోసం వెతుకుతుంటే తెర నిండా ఎర్రగా, "మీ విండోస్ ప్రమాదంలో ఉంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని మోత మొదలైంది. ఆమె నంబరు రాసుకోలేదు, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి బ్రౌజర్ మూసేసింది. అసలు అప్‌డేట్ సెట్టింగ్స్ లోపల, లేకుంటే మైక్రోసాఫ్ట్ సొంత సైటులో తప్ప ఎక్కడా ఉండదు. వేరే వెబ్‌సైటులో రాదు, వాట్సాప్‌లో రాదు, దానికి ఫోన్ నంబరు ఉండదు. మీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ ఒక్క ముక్కన్నా చెప్పండి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాం. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మామూలు అప్‌డేట్లు ఆగాయి. అది కూడా రెండో మంగళవారమే. డిఫెండర్ గుర్తులు 2028 దాకా ఇస్తామన్నారు కానీ, అవి కాపలా కుక్కకు వాసన నేర్పడం లాంటివి. కంచె సందులు మూయవు. విండోస్ 11కి పోదామంటే ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, టీపీఎం 2.0 కావాలంటుంది. మాది నాలుగో తరం. అడ్డదారిలో ఎక్కించే ఉపాయాలు యూట్యూబ్ నిండా ఉన్నాయి, మేము వద్దనుకున్నాం. అప్‌డేట్లు సరిగ్గా రావడానికే ఇంత కష్టపడి, అవి వస్తాయో రావో హామీ లేని చోటికి పోవడం దేనికి? మంచిగ నడిచే మెషీన్లను చెత్తలో వేయమన్నట్టు ఉన్న ఈ పద్ధతి మాకు అస్సలు నచ్చలేదు. పైసలున్నవాళ్లు కొత్తది కొంటారు, మనలాంటివాళ్లు సందులున్న కంచెతో ఉండాలి.

దానికి ఒక ఏడాది గడువు మాత్రం ఉంది. ఈఎస్‌యూ అని, 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారు. విండోస్ 10లో చివరి రకం 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవ్వాలి. అప్పుడు అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అనే లింకు కనిపిస్తది. 30 డాలర్లు అని చూసి బెదరకండి. కంప్యూటర్ సెట్టింగ్స్ వాళ్ల క్లౌడ్‌కి బ్యాకప్ అయ్యేలా ఒప్పుకుంటే పైసలు అడగదు. మేము అట్లనే చేశాం. ఖాతా అడగడం కొందరికి నచ్చకపోవచ్చు, మాలో ఒకరికి ఇప్పటికీ నచ్చలేదు. మా పాటలు, పట్టాలు మాత్రం ఆ క్లౌడ్‌కి పోనీయలేదు, వన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ల బ్యాకప్ ఆపేసి పెట్టాం.

ఆ ఏడాది తర్వాత లినక్స్ మింట్. ఇప్పటికే పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూశాం. ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం మా 4 జీబీ ర్యామ్ మీద విండోస్ కన్నా చురుగ్గా ఉంది. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి, లైసెన్సు గొడవ లేదు, క్రాక్ మాట లేదు. కింద మూలలో డాలు బొమ్మ ఒకటి ఉంటది, కొత్త అప్‌డేట్ వస్తే అది గుర్తు చూపిస్తది, ఏవి దించాలో మనమే టిక్కు పెట్టి ఎంచుకోవచ్చు. నోటో ఫాంటు వేస్తే గుంజాల గోండి అక్షరాలు చక్కగా కనిపించాయి. ఒక్క చోట ఆగినం. ఫోన్ల హాట్‌స్పాట్ పట్టే మా వైఫై డాంగుల్ మింట్‌లో పలకలేదు, యూఎస్‌బీ కేబుల్ పెట్టి ఫోన్ నెట్ ఇస్తేనే పలికింది. గ్రూపులో ఎవరికైనా మింట్‌లో పనిచేసే డాంగుల్ తెలిస్తే ఏ మోడలో రాయండి.

పత్తి ఏరుడు అయిపోయేదాకా మింట్ పని ముట్టం. ఈ నెల అప్‌డేట్ వంతు మా డీఎడ్ అక్కది. ఆదివారం పొద్దున కాపీ తీసి, మధ్యాహ్నం వేస్తుంది. ఉట్నూర్, ఇంద్రవెల్లి, నార్నూర్ వైపు వాళ్లలో ఎవరి దగ్గరన్నా ఈఎస్‌యూలో చేరిన విండోస్ 10 కంప్యూటర్ ఉండి డేటా లేకుంటే, ఖాళీ పెన్‌డ్రైవ్ పట్టుకొని రండి, ఈ నెల ఫైలు ఎక్కించి ఇస్తాం. 2 జీబీ ఖాళీ ఉంటే చాలు. షార్ట్‌కట్ వైరస్ ఉన్నది మాత్రం తేవద్దు, అక్క తిడతది.